రాదిసావ్ డిస్కుకి కాపీ

రాదిసావ్ ఎప్పటికైనా తన గుమ్మం తొక్కుతాడని లుబింకా కలలో కూడా అనుకోలేదు. ఈ నాలుగేళ్ళలో ఆమె కోరుకున్నవన్నీ చిన్న చిన్నవి. అతగాడి కారు టిమోక్ నది వంతెన నడిమధ్యలో ఆగిపోవాలి, అదీ వానలో ఆగిపోవాలి. అతగాడికి పన్ను నొప్పి పుట్టాలి, అదీ పళ్ళ డాక్టరు దొరకని ఆదివారం పుట్టాలి. ఇలాంటివి రోజుకొకటి కోరుకుంటూ, ఆ ఊపుతోనే పొద్దున సంతలో మేజోళ్ళు అమ్మి, సాయంత్రం ఇరుగుపొరుగు వాళ్ళ కంప్యూటర్లు బాగుచేసి బతుకుతోంది.

అలాంటిది ఆ సెప్టెంబరు శనివారం పొద్దున్నే అతను కంప్యూటరు పెట్టెను రెండు చేతులా ఎత్తుకుని, నాలుగంతస్తులు ఎక్కి, రొప్పుతూ వచ్చాడు. వంటింటి బల్ల మీద తొక్క తీసి పెట్టిన బుంగమిరపకాయల పళ్ళేన్ని మోచేత్తో పక్కకు నెట్టి పెట్టెను అక్కడ దించాడు. ఎవరూ అడక్కుండానే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. బాల్కనీలో రేకు పొయ్యి మీద మిరపకాయలు కాలుస్తున్న లుబింకా అత్తగారు పెర్సా తలుపు సందులోంచి చూసింది గానీ పలకరించలేదు. ఇంటికొచ్చిన మనిషికి కాఫీ పెట్టకపోవడం ఎనభై ఏళ్ళ జీవితంలో ఆవిడకు అదే మొదటిసారి.

“చూడు లుబింకా, అయిందేదో అయిపోయింది,” అన్నాడు రాదిసావ్. “ఊళ్ళో ఈ పని తెలిసినదానివి నువ్వొక్కదానివే. అందుకే వచ్చా.”

పని చిన్నదే. అతను ఇప్పుడు సొంతంగా భూముల కొలత ఆఫీసు నడుపుతున్నాడు. జిల్లా మొత్తాన్నీ విమానం నుంచి తీసిన ఫోటో ఒకటి కొత్తగా వచ్చింది. అది ఒకే ఒక్క ఫైలు, చాలా పెద్దది. అతని డిస్కు పాత పద్ధతిలో ఫైళ్ళు రాసుకునే రకం కనక, నాలుగు గిగాబైట్లు దాటిన ఫైలు దేన్నీ ఒంట్లోకి రానివ్వదు. డిస్కును కొత్త పద్ధతికి మార్చాలి. ఉన్న ఫైళ్ళన్నీ ఉన్నచోటే ఉంచి మార్చొచ్చు. కాకపోతే అటు వెళ్ళడమే గానీ ఇటు తిరిగి రావడం ఉండదు, మధ్యలో ఆగిపోతే పాతదీ ఉండదు, కొత్తదీ ఉండదు. పైగా అది మామూలు డిస్కు కాదు, కంప్యూటరు లేచి నిలబడేదే దాని మీద.

ముందు మొత్తం కాపీ తీసి, ఆ తర్వాత మారుస్తానని, రేపటికి ఇస్తానని లుబింకా అంది.

“కాపీలూ గీపీలూ ఏమీ వద్దు. నాలుగింటికి వస్తా, తయారుగా ఉంచు. సోమవారం పొద్దున్నే జిల్లా భూముల కమిషన్ ముందు పెట్టాలి,” అన్నాడు రాదిసావ్, చేతి గడియారం చూసుకుంటూ.

నాలుగేళ్ళ కిందట ఇదే మనిషి, ఇదే గొంతుతో, ఇంచుమించు ఇదే మాట అన్నాడు.

అప్పుడతను ఊరి భూరికార్డుల ఆఫీసుకి పెద్ద. ఆమె పదకొండేళ్ళుగా అక్కడ కంప్యూటరు గుమాస్తా. రెండువేల సంవత్సరం జనవరి పద్దెనిమిది, బాప్తిస్మం పండక్కి ముందురోజు, ఉపవాసం. ఆఫీసు కంప్యూటరుని కూడా ఇలాగే కొత్త పద్ధతికి మార్చాల్సి వచ్చింది. ఆ చలికాలం కరెంటు వంతులవారీగా ఇచ్చేవారు, నాలుగు గంటలుంటే నాలుగు గంటలుండేది కాదు. వాళ్ళ వీధికి కరెంటు పోయే వేళ మధ్యాహ్నం పన్నెండు. కాపీ తీయాలి, కరెంటు వంతు కూడా చూసుకోవాలి, రేపు చేద్దామని లుబింకా మొత్తుకుంది. రాదిసావ్ నవ్వాడు. కరెంటు ఆఫీసులో ఉన్నది తన కుమ్ టిహోమిర్ అన్నాడు. ఈరోజు మన వీధి జోలికి రానని మాటిచ్చాడు, ఇక కాపీ దేనికి అన్నాడు.

కుమ్ అంటే పెళ్ళిలో పక్కన నిలబడినవాడు, బిడ్డకి చర్చిలో పేరు పెట్టినవాడు. ఆ ఊళ్ళో సొంత అన్నదమ్ములతో తలలు పగలగొట్టుకోవచ్చు గానీ కుమ్ మాటను అనుమానించకూడదు. అనుమానించలేదు కనకే పదకొండున్నరకి పని మొదలుపెట్టించాడు. సరిగ్గా పన్నెండింటికి కరెంటు పోయింది. టిహోమిర్ మర్చిపోయాడట.

ఆ కంప్యూటరు మళ్ళీ లేవలేదు. కొండ పల్లెల్లో మూడేళ్ళలో ఎవరు ఎవరికి ఏ పొలం చెక్క అమ్మారో, ఏ అన్నదమ్ములు ఎక్కడ గీత గీసుకున్నారో అంతా అందులోనే ఉంది. కాగితాల మీద రాయడం అప్పటికే మాన్పించాడు మహానుభావుడు, ఆధునికుడు కదా. ఇక విచారణ వచ్చింది. కుమ్ మాట నమ్మి చేశానంటే టిహోమిర్ ఊళ్ళో నవ్వులపాలవుతాడు. అందుకని ‘గుమాస్తా అజాగ్రత్త’ అని ఒక్క పేజీ రాసి, కింద గుండ్రటి ముద్ర కొట్టి చేతులు దులుపుకున్నాడు. లుబింకా ఉద్యోగం ఊడింది.

ఉద్యోగం పోతే పోయింది. ఊరు ఆమెకు పేరు పెట్టింది, ‘భూమి చెరిపేసిన లుబింకా’ అని. సరిహద్దు తగాదాతో కోర్టు మెట్లెక్కిన ప్రతివాడూ ఆమె పేరే తిట్టుకున్నాడు. ఆ శరత్కాలం పితరుల శనివారం నాడు శ్మశానంలో, ఆమె తన తండ్రి సమాధి మీద ఉడికించిన గోధుమలు పెట్టి, ఆనవాయితీ ప్రకారం పక్క సమాధుల దగ్గరి ఆడవాళ్ళకు గిన్నె చాపింది. ఒక్కతె కూడా చెంచా ముంచలేదు. చచ్చిపోయినవాళ్ళ పేరు మీద పెట్టిన ముద్దను కాదనడం కన్నా ఆ ఊళ్ళో పెద్ద అవమానం లేదు. ఆ గిన్నె నిండుగా ఇంటికి మోసుకొచ్చిన రోజున లుబింకా ఏడవలేదు. కన్నీళ్ళన్నీ ఎటో పోయి, ఆ చోట రాదిసావ్ మీద పగ కూర్చుంది.

ఇప్పుడు అతను మెట్లు దిగి వెళ్ళిపోయాక, పెర్సా చేతులు తుడుచుకుంటూ వంటింట్లోకి వచ్చి పెట్టె చుట్టూ ఒకసారి తిరిగింది.

“ఎంతసేపట్లో చెడగొడతావే?” అని అడిగింది, అన్నం ఎప్పుడవుతుందని అడిగినంత మామూలుగా.

చెడగొట్టడానికి పెద్ద తెలివి కూడా అక్కర్లేదని లుబింకా చెప్పింది. అతను చెప్పినట్టు చేస్తే చాలు. కాపీ తీయకుండా మొదలుపెట్టి, సగంలో కరెంటు తీసేస్తే నాలుగేళ్ళ అతని వ్యాపారం బూడిద. సోమవారం కమిషన్ ముందు చేతులూపుకుంటూ నిలబడతాడు.

“ఆ తీగేదో నాకు చూపించు, నేను పీకుతా,” అంది పెర్సా ఉత్సాహంగా. “ముసల్దాన్ని, కాలికి తగిలిందంటే నన్నెవడేమంటాడు?”

లుబింకా నిజంగానే ప్లగ్గు మీద చెయ్యి వేసింది. వేసి, ఆ సుఖాన్ని కాసేపు అనుభవించింది కూడా, అందులో దాచాల్సిందేమీ లేదు. కానీ ఆ చెయ్యి అక్కడ ఉండగానే సోమవారం సాయంత్రం నలుగురూ చేరి తాగే కాఫానాలో రాదిసావ్ ఏం మాట్లాడతాడో ఆమెకు వినిపించింది. ‘నే చెప్పలా, అది ముట్టుకుంటే ఏదీ మిగలదని? పాపం పోన్లే అని పని ఇస్తే మళ్ళీ అదే చేసింది.’ ఊరంతా తలలూపుతుంది. డిస్కు పోగొట్టుకున్నా గెలిచేది వాడే.

“నేను వీడి డిస్కు చెడగొడితే, వీడు చెప్పిన అబద్ధాన్ని నేనే నిజం చేసినట్టవుద్ది అత్తయ్యా,” అంది. “చావనీ. గీత కూడా పడకుండా చేసి మొహాన కొడతా.”

పెర్సా నిరాశగా బాల్కనీలోకి పోయి మిరపకాయల మీద కోపం తీర్చుకుంది.

లుబింకా అతని డిస్కు ఊడదీసి తన కంప్యూటరుకి తగిలించి, తన దగ్గరున్న ఖాళీ డిస్కు మీదికి మొత్తం కాపీ పెట్టింది. గంటన్నర పట్టింది. కాపీ అయిపోయిందని కంప్యూటరు చెబితే మామూలు జనం నమ్ముతారు. లుబింకా నమ్మదు. ఆమె అలవాటు వేరు. అసలు డిస్కులో ఎన్ని ఫైళ్ళున్నాయి, కాపీలో ఎన్ని ఉన్నాయి, పరిమాణాలు కలిశాయా అని చూస్తుంది. ఆ తర్వాత కుదించి కట్టిన మూటల్లాంటి ఫైళ్ళను ఒక్కొక్కటీ విప్పి చూస్తుంది. ఎందుకంటే అవి పైకి బాగానే కనబడుతూ లోపల పాడయ్యే రకం.

అలాంటి మూటలు ఆ డిస్కులో పద్నాలుగున్నాయి. తొమ్మిదోది ‘స్లావా ఫోటోలు’ అనే అరలో ఉంది. కులదైవం పండగ ఫోటోలు కాబోలు, బల్ల నిండా పంది మాంసమూ రాదిసావ్ బట్టతలా కనబడతాయి కాబోలు అనుకుంటూ విప్పింది.

ఫోటోలు లేవు. క్రివి లుగ్ 97. క్రివి లుగ్ 98. వూచ్యా స్ట్రానా 97. పల్లె పేరు, సంవత్సరం, చివర ఒక చిన్న అడ్డగీత, దాని తర్వాత ఆమె పేరులోని మొదటి అక్షరం. ఆ అడ్డగీత పెట్టే అలవాటు ఆ ఆఫీసులో ఒక్క లుబింకాకే ఉండేది. తన చేతులతో కొట్టిన మూడేళ్ళ పని ఒక్క ఫైలు తగ్గకుండా అక్కడ ఉంది. మూట కట్టిన తేదీ చూసింది. రెండువేలు, జనవరి పదిహేడు, సాయంత్రం ఆరూ నలభై. అంటే కరెంటు పోవడానికి ముందురోజు.

ఆమె లేచి నిలబడింది, మళ్ళీ కూర్చుంది. కాపీ వద్దన్నవాడు ముందురోజే కాపీ తీసుకుని ఇంటికి పట్టుకుపోయాడు. అన్నీ పోయాయని ఊరు గుండెలు బాదుకుంటుంటే వీడి ఇంట్లో అన్నీ ఉన్నాయి. ఆ తర్వాత ఉద్యోగం వదిలి సొంత ఆఫీసు తెరిచాడు. కొండ పల్లెల వాళ్ళ పొలాల్లో మూడుకాళ్ళ యంత్రం నిలబెట్టి, అరగంట దూరదర్శినిలో కన్ను పెట్టి, ఇంటికొచ్చి ఈ ఫైళ్ళలోంచే కొలతలు అచ్చు తీసి మళ్ళీ వాళ్ళకే అమ్మాడు. డబ్బున్నవాడు కొనుక్కున్నాడు. లేనివాడు కోర్టులో ఓడిపోయాడు.

ఓడిపోయినవాళ్ళలో ముసలి తదియా ఒకడు. అతని రేగుతోటలో ఎనిమిది వరసలు పక్కవాడు తన హద్దులో కలిపేసుకున్నాడు. తదియా చేతిలో రుజువు లేకపోయింది. కొడుక్కి స్నేహితుడని రాదిసావ్‌నే అడిగాడు. పాత రికార్డు లేనిదే నేనేం చెప్పను బాబాయ్ అని రాదిసావ్ తప్పుకున్నాడు, ఎందుకంటే ఆ పక్కవాడు అప్పటికే అతని ఖాతాదారు. తదియా ఆ కేసు తేలకుండానే పోయాడు. ఆ తదియా కొడుకే టిహోమిర్. వూచ్యా స్ట్రానా 98 ఫైల్లో, పద్నాలుగో వరసలో, తదియా తోట హద్దులు నాలుగూ శుభ్రంగా ఉన్నాయి.

కుమ్ పరువు కోసం తనని బలిపెట్టాడని లుబింకా ఇన్నాళ్ళూ అనుకుంది. తప్పే అయినా ఆ తప్పుకో మనిషి మొహం ఉందనుకుంది. అదీ లేదు. కుమ్ తండ్రిని కూడా అమ్ముకున్నాడు.

తర్వాత చేయాల్సింది ఆమెకు క్షణంలో తెలిసిపోయింది. ఇప్పుడా డిస్కు ఆమెకు తన ప్రాణంతో సమానం. కాపీ ఒక్కటే ఉంటే, నువ్వే పుట్టించావంటాడు. అసలు డిస్కులో అది చెక్కు చెదరకుండా ఉండాలి, దాన్ని అతనే తనదని ఒప్పుకుని పట్టుకెళ్ళాలి.

డిస్కును మళ్ళీ అతని పెట్టెలో బిగించింది. దెబ్బతిన్న చోట్లేమైనా ఉన్నాయా అని ఆ చివర నుంచి ఈ చివరిదాకా పరీక్ష పెట్టింది. ఖాళీ జాగా చాలినంత ఉందని చూసుకుంది. కరెంటు పోయినా అరగంట నిలబెట్టే బ్యాటరీ పెట్టెకు తీగ తగిలించింది. అప్పుడు ఆజ్ఞ కొట్టింది. ఈ డిస్కు మీదే నేను నడుస్తున్నాను, ఇప్పుడు మార్చలేను, ఈసారి లేచేటప్పుడు మార్చనా అని కంప్యూటరు అడిగింది. మార్చమంది. పెట్టె ఆగి, మళ్ళీ లేస్తూ, నీలం తెర మీద తెల్లటి అక్షరాలు వదలడం మొదలుపెట్టింది.

సంగతి విన్న పెర్సా, ఇందాక తీగ పీకుతానన్న మనిషే, ఇప్పుడు ప్లగ్గు ముందు పీట వేసుకుని కాపలా కూర్చుంది. పొయ్యి మీద మిరపకాయలు మాడినా లేవలేదు. కింది అంతస్తు ఆవిడ సీసాలు అడగడానికొస్తే తలుపు తీయకుండానే పంపేసింది. ఇద్దరూ ఇరవై నిమిషాలు ఒకరి మొహం ఒకరు చూడకుండా ఆ తెరనే చూశారు. మార్పిడి పూర్తయిందని వచ్చింది. పెట్టె ఇంకోసారి ఆగి లేచి, ఏమీ ఎరగనట్టు రాదిసావ్ కూతురి పెళ్ళి ఫోటో చూపించింది.

లుబింకా మళ్ళీ లెక్క చూసింది. ఫైళ్ళ సంఖ్య అదే, తేదీలు అవే, తొమ్మిదో మూట విప్పితే తదియా తోట అక్కడే ఉంది. అప్పుడు అప్పగింత కాగితం తయారుచేసింది. యజమాని పేరు, పెట్టె నంబరు, దానికింద డిస్కులో ఉన్న ప్రతి అరా, ముఖ్యమైన ప్రతి ఫైలూ, మూటల్లో ఏమేముందో తేదీలతో సహా. పాత ప్రింటరు కీచుమంటూ పంతొమ్మిది పేజీలు, రెండు ప్రతులు వదిలింది.

నాలుగింటికి రాదిసావ్ వచ్చాడు. చేతిలో వంద గ్రాముల కాఫీ పొట్లం. పెద్ద ఫోటో ఫైలు డిస్కులోకి ఎక్కించి చూపించమన్నాడు. ఎక్కింది. అతని మొహం వెలిగిపోయింది. ఈసారి పెర్సా పళ్ళెం తెచ్చి ముందు పెట్టింది, కాల్చిన మిరపకాయలు, జున్ను, రొట్టె. మొహమాటం లేకుండా తిన్నాడు.

“ఇక్కడ మీ ముద్ర కావాలి,” అంది లుబింకా, కాగితాల కట్ట జరుపుతూ. “ఈ పెట్టె మీది, ఇందులో ఉన్నదంతా మీదే, అంతా మీకు ముట్టింది అని. తర్వాత ఏది పోయినా నా మీద పడకూడదు కదా.”

“నువ్వింకా ఆ భయంలోనే ఉన్నావన్నమాట,” అని నవ్వాడు రాదిసావ్. వేళ్ళ నూనె తుడుచుకుని, కోటు జేబులోంచి గుండ్రటి ముద్ర తీశాడు. లైసెన్సున్న కొలతదారు కదా, అది లేకుండా గడప దాటడు. ఆ దేశంలో ముద్ర లేని కాగితాన్ని ఎవరూ చదవరు, ముద్ర ఉన్నదాన్ని చదవాల్సిన పనే లేదనుకుంటారు. రాదిసావ్ ముప్పై ఏళ్ళు అలాగే బతికాడు. కూతురి కొత్త ఇంటి గురించి చెబుతూ, నమిలే ముద్ద నములుతూ, పేజీకొకటి చొప్పున కొట్టుకుంటూ పోయాడు. ముప్పై ఎనిమిది ముద్రలు. ప్రతి దాని మీదా సంతకం, తేదీ.

లుబింకా ఒక ప్రతి తీసి పెర్సాకిచ్చింది. పెర్సా దాన్ని రవికలో దోపుకుంది. రెండోది లుబింకా అతని ముందే ఉంచింది.

“ఇప్పుడు పదకొండో పేజీ చదువు రాదిసావ్. నువ్వు వద్దన్న కాపీ నా దగ్గరే ఉంది,” అంది. గారు లేదు, మీరు లేదు.

అతను ఆ మాట తీరుకి కనుబొమలెత్తి, పేజీలు తిప్పి, కళ్ళజోడు పెట్టుకున్నాడు. చదివాడు. నోట్లో ముద్ద మింగలేదు. మళ్ళీ చదివాడు. మొహం మాడిపోయింది. చివరికి, అప్పటి పరిస్థితులు వేరని, ఏదో జాగ్రత్తకి తీసుకున్న కాపీ అని, ఆమెకి తిరిగి ఉద్యోగం వేయించే పూచీ తనదని, తన ఆఫీసులోనే కుర్చీ ఇస్తానని అన్నాడు. అతను ఒకటొకటిగా ఎలా దిగజారతాడో చూడ్డం లుబింకాకు హాయిగా ఉంది. ఇంకా కిందికి దిగాలని ఉంది.

“సరే, నీ పేరు నువ్వు బాగుచేసుకో,” అన్నాడు రాదిసావ్ ఆఖరికి, గొంతు తగ్గించి. “నీ కాపీ రికార్డు ఆఫీసులో ఇచ్చుకో, కోర్టుకిచ్చుకో. తప్పు నాదేనని నేనే రాసిస్తా. ఒక్క వరస తీసెయ్. వూచ్యా స్ట్రానా తొంభై ఎనిమిదిలో పద్నాలుగోది. తదియా తోటది. ఒక్కటే కదా. టిహోమిర్ నా కొడుక్కి పేరు పెట్టాడు లుబింకా. వాడు నా మొహం చూడ్డు. ఆ ఒక్కటి చెరిపెయ్.”

నాలుగేళ్ళుగా కోరుకున్నదాని కన్నా ఎక్కువే ఆమె ముందు కుర్చీలో కూర్చుని ఉంది. జాలి వస్తుందేమోనని లుబింకా తనలో వెతుక్కుంది. రాలేదు.

“చెరపడం నాకు రాదు రాదిసావ్,” అంది. “వచ్చని ఊరంతా చెప్పింది నువ్వే.”

రాదిసావ్ లేచి, తన పెట్టెను రెండు చేతులా ఎత్తుకుని, మోకాలితో తలుపు నెట్టుకుని బయటికి వెళ్ళాడు. అందులో ఒక్క ఫైలు కూడా పోలేదు. మెట్ల మీద మూడో అంతస్తు దగ్గర అతని అడుగుల చప్పుడు ఇంకా వినబడుతుండగానే లుబింకా ఫోను దగ్గరికి వెళ్ళి టిహోమిర్ నంబరు తిప్పింది. పెర్సా రేడియో కట్టేసి, వినడానికి పీట దగ్గరికి లాక్కుంది.